రెండో చెయ్యి తగిలిన చేప

అనగనగా, కెరటాలు ఇప్పటిలాగే ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుకొచ్చి, ఒక్కటీ నిలవకుండా వెనక్కి పోతున్న కాలంలో, ముత్యాలరేవు అని ఒక ఊరుండేది. పేరు చూసి మోసపోకండి. అక్కడ ముత్యాలు దొరికేవి కావు, చేపలు దొరికేవి. చేపలన్నింటిలోకీ అందమైన చేప కూడా అక్కడే దొరికేది. దాని పేరు నెమలికోనెం.

నెమలికోనేన్ని మీరు చూడలేదు కదూ? అయితే వినండి. అది నిలువెత్తు మనిషికన్నా పొడుగు. ముక్కు ఈటెలా ముందుకు సాగి ఉంటుంది. వీపుమీద పెద్ద నీలం రెక్క. మామూలప్పుడు దాన్ని మడిచి దాచుకుంటుంది. కోపం వస్తే మాత్రం ఒక్కసారిగా విప్పుతుంది. అప్పుడు చూడాలి దాని సొగసు! నెమలి పురి విప్పినట్టే ఉంటుంది. అందుకే ఆ పేరు.

ముత్యాలరేవు జాలర్లు ఈ చేపకు వల వేసేవారు కాదు. అంతటి చేపను వలలో చుట్టి ఈడ్చుకురావడం మర్యాద కాదనేవారు. గేలం వేసి, తాడు చేతపట్టి, దానితో ముఖాముఖి పోరాడేవారు. దానికో కట్టుబాటు ఉండేది. గేలం తగిలినప్పటినుంచీ చేప పడవ పక్కకు వచ్చేదాకా తాడు ఒక్క మనిషి చేతిలోనే ఉండాలి. ఇంకొకరి చెయ్యి తాడుకు తగిలిందా, ఇక ఆ చేప గంగమ్మది. అక్కడికక్కడే నీళ్ళలో వదిలెయ్యాలి. తాతలనాటినుంచీ అంతే.

ఆ తీరాన్ని సముద్రసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయన మూడేళ్ళు పట్టి ఒక మహానావ కట్టించాడు. నలభైమంది పట్టే నావ. అలాంటిది ఆ తీరంలో అంతకుముందు లేదు, ఆ తరంలో మరొకటి వచ్చే ఆశా లేదు. నావకు అన్నీ అమిరాయి, సరంగు తప్ప. నావను నడిపించే సరంగు మెడలో వేసుకోవడానికి రాజు ఒక వెండి ఈల చేయించి, పళ్ళెంలో పెట్టించి, రేవుకు తెచ్చాడు.

"రేపు పొద్దు పొడవగానే సముద్రంమీదికి వెళ్ళండి. పొద్దు కుంకేలోగా తిరిగి రండి. రెక్క చిరగని నెమలికోనేన్ని, మీ కట్టుబాటు ప్రకారం పట్టి తెచ్చినవాడికి ఈ ఈల ఇస్తాను," అన్నాడు రాజు.

ముగ్గురు ముందుకొచ్చారు.

మొదటివాడు సోమలింగం. మంచి వేటగాడే గానీ, తొందర ఎక్కువ. అన్నం ఉడకకముందే విస్తరి వేసుకు కూర్చునే రకం.

రెండోవాడు వీరభద్రుడు. ఓడల యజమాని కొడుకు. అతని పడవకు ఆరుగురు తెడ్డుగాళ్ళు, పట్టు పరుపు, ఎండ తగలకుండా గొడుగు. సముద్రంమీదికి వెళ్ళేటప్పుడు కూడా అత్తరు పూసుకుని వెళ్ళేవాడు. చేపలకు వాసన నచ్చుతుందనుకున్నాడో ఏమో!

మూడోవాడు నూకన్న. అతనికి పడవ లేదు. నాలుగు దుంగలు కట్టిన తెప్ప ఉంది, అది కూడా ముగ్గురు స్నేహితులదీ కలిపి. ఆ ముగ్గురిలో పైడన్న ఒకడు. వాడి నోరు నిద్రలో కూడా మూతపడదు. ఇంకొకడు తవిటయ్య. వాడు మాట్లాడగా విన్నవాళ్ళు రేవులో పదిమంది కూడా ఉండరు. నూకన్నకు చిన్ననాటినుంచీ ఒకటే కోరిక. పెద్ద నావ నడపాలి. తెప్పమీద కూర్చుని కూడా "ఎడమకు తిప్పు, తెర దించు" అని లేని నావకు ఆజ్ఞలిచ్చేవాడు. రాజుగారి నావ తయారవుతున్న మూడేళ్ళూ, వేటనుంచి రాగానే వెళ్ళి దాని పక్కన నిలబడి చూసి వచ్చేవాడు. ఇప్పుడు తప్పితే మళ్ళీ ఇంకో నావ లేదని అతనికి బాగా తెలుసు.

ఆ సాయంత్రం ముగ్గురు స్నేహితులూ ఎర్రమ్మవ్వ గుడిసెకు వెళ్ళారు. రేవులో ప్రతి గేలపు తాడూ ఎర్రమ్మవ్వ పేనిందే. తాడు పేని, తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి, ఎండబెట్టి ఇచ్చేది. ఆ కషాయంలో నానిన తాడు ఇనుప తీగలా గట్టిపడేది. పట్టు తప్పితే అరచెయ్యి చీరేసేది.

"ఇందరా నూకన్నా, నూరు బారలు. చేపను గుంజకు. అది పోతానంటే పోనీ. అలిసినప్పుడు నీవైపు తెచ్చుకో," అంది అవ్వ.

"అవ్వా, మావాడికి చెప్పాలా? రేపీపాటికి నువ్వు సరంగుగారి అవ్వవి!" అన్నాడు పైడన్న.

"నువ్వు మాత్రం నోరు మూసుకు కూర్చో. తెప్పమీద లేచి నిలబడకు," అంది అవ్వ. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి.

తెల్లవారింది. మూడు బృందాలూ సముద్రంమీదికి బయల్దేరాయి. గాలి చల్లగా ఉంది. తవిటయ్య వెనక తెడ్డు పట్టాడు, పైడన్న మధ్యలో ఎరబుట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు, నూకన్న ముందు కూర్చున్నాడు. ఊరు కనుమరుగైంది. కొండ ఒక్కటే చిన్న చుక్కలా మిగిలింది. పైడన్న కబుర్లు మాత్రం తెగలేదు. వాళ్ళ మామ పెళ్ళిలో వియ్యంకుడు అలిగిన కథ మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నూకన్న నవ్వాడు. స్నేహమంటే అదే మరి.

నడిపొద్దు వేళ నీళ్ళమీద కవళ్ళనే చిన్న చేపల గుంపు చెల్లాచెదురుగా ఎగిరింది. కింద ఏదో తరుముతోంది. నూకన్న బతికున్న కవళ్ళను గేలానికి గుచ్చి వదిలాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత తాడు చేతుల్లోంచి బుస్సుమంటూ పరుగు తీసింది.

"తగిలింది!" అన్నాడు నూకన్న.

"గంగమ్మ తల్లీ!" అని అరిచాడు పైడన్న.

తవిటయ్య మాత్రం తెడ్డు బిగించి పట్టుకున్నాడు.

చేప దూసుకుపోయింది. తాడుతో పాటు తెప్పను కూడా లాక్కుపోయింది. నూకన్న అరచేతులు చీరుకుపోయాయి. అయినా అవ్వ చెప్పినట్టే గుంజలేదు. పోతానంటే పోనిచ్చాడు, ఆగినప్పుడు తెచ్చుకున్నాడు. పోనిచ్చాడు, తెచ్చుకున్నాడు. ఎండ నడినెత్తినుంచి పక్కకు వాలేదాకా అదే పని.

చేప మొదటిసారి ఎగిరింది. నీళ్ళమీద నిలువునా లేచి తల విదిలించింది. "అబ్బో!" అన్నాడు పైడన్న.

రెండోసారి ఎగిరింది. ఈసారి తోకమీద నడిచినట్టు నీటిమీద నాలుగు బారలు పోయింది. "ఓరి నాయనో! ఇది చేపట్రా, దేవకన్యట్రా?" అన్నాడు పైడన్న.

మూడోసారి తెప్పకు ఎదురుగా ఎగిరి, గాల్లోనే రెక్క విప్పింది. ఆ నీలం ఎలా చెప్పను! ఎండ ఆ రెక్కలోంచి వచ్చి ముగ్గురి ముఖాలమీదా పడింది. రెక్కనిండా చుక్కలు. వేటగాడైన నూకన్నకే కళ్ళు చెమర్చాయి. పైడన్న సంగతి అడగాలా? వాడు ఒళ్ళు మరిచి, లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి ఆ చేపకు దండం పెట్టాడు.

తెప్పమీద నిలబడకూడదని ముత్యాలరేవులో పాకే పిల్లకు కూడా తెలుసు. పైడన్నకూ తెలుసు. కానీ ఏం లాభం! అదే క్షణాన చేప తాడు గుంజింది. తెప్ప ఒరిగింది. పైడన్న ఎరబుట్టతో సహా నీళ్ళలో పడ్డాడు. పడుతూ పడుతూ భుజం దుంగకు కొట్టుకుంది. ఎడమ చెయ్యి పైకి లేవలేదు.

చేప ఆగితేనా? తెప్పను ముందుకు ఈడ్చుకుపోతూనే ఉంది. పైడన్న వెనక మిగిలిపోతున్నాడు. పది బారలు, పదిహేను బారలు. ఒంటిచేత్తో ఈదుతున్నాడు. ఒక కెరటం తలమీదుగా పోయింది. ఎప్పుడూ మూతపడని ఆ నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. తవిటయ్య తెడ్డు వదిలితే తెప్ప తలకిందులవుతుంది. తెప్పమీద వేరే తాడు లేదు. ఉన్నదల్లా గేలపు తాడే. దాని ముందు కొసన చేప ఉంది. వెనక కొస మాత్రం నూకన్న పక్కన చుట్టగా పడి ఉంది.

రెండో చెయ్యి తగిలితే చేప పోతుంది. చేప పోతే నావ పోతుంది. ఆ ఆలోచన నూకన్నకు రాలేదని నేను చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. వచ్చి, రెప్పపాటు ఉండి, పోయింది.

"పైడిగా! పట్టుకో!" అని అరిచి, ఆ చుట్టను వెనక్కి విసిరాడు.

పైడన్న కుడిచేత్తో కొస అందుకున్నాడు.

ఇక చూడండి నూకన్న అవస్థ! కుడిచేతిలో చేప, ఎడమచేతిలో స్నేహితుడు. ముందునుంచి ఒకరు లాగుతున్నారు, వెనకనుంచి ఒకరు వేలాడుతున్నారు. చేతుల్లోంచి నెత్తురు కారుతోంది. పళ్ళు బిగించి, చేపకు జానెడు వదులుతూ, పైడన్నను జానెడు తెచ్చుకుంటూ, మొత్తానికి తెప్ప దాకా లాగాడు. తవిటయ్య తెడ్డు వదలకుండానే కాలు చాపాడు. పైడన్న ఆ కాలు పట్టుకుని పైకెక్కి, బోర్లా పడి, కడివెడు నీళ్ళు కక్కుకున్నాడు.

కాసేపటికి చేప కూడా అలిసింది. మెల్లగా తెప్ప పక్కకు వచ్చింది. రెక్కకు చిన్న చిరుగు లేదు. అంతటి చేపను ముత్యాలరేవు ఏనాడూ చూసి ఉండదు. నూకన్న వంగి, గేలం తీయబోయాడు.

"ఆగు బావా, ఏం చేస్తున్నావ్?" అన్నాడు పైడన్న, దగ్గుతూనే.

"వదిలేస్తున్నాను. నీ చెయ్యి తగిలింది కదరా."

"నేను పట్టుకుంది వెనక కొస! చేప వైపు కాదు కదా!"

"తాడు ఒకటేరా."

"నాకు పనిచేసింది ఒక్క చెయ్యే బావా. దాన్ని సగం చెయ్యి కింద లెక్కేసుకో!"

నూకన్నకు నవ్వు వచ్చింది. పైడన్నకు మాత్రం ఏడుపు వచ్చింది. "ఒరే, నీ నావరా అది! మూడేళ్ళనుంచీ దాని పక్కన నిలబడి చూస్తున్నావు. నా మూలంగా పోగొట్టుకుంటావా? ఎవరు చూశారని? మనం ముగ్గురమే కదా!"

నూకన్న చేప మెడమీద చెయ్యి వేసి ఉంచాడు. దాని ఒంటిమీద రంగులు వస్తూ పోతూ ఉన్నాయి.

"మనం ముగ్గురం తక్కువారా?" అన్నాడు చివరికి. "రేపు ఈల మెడలో వేసుకుని, నలభైమందిని ఎక్కించుకుని నడిసముద్రంలోకి పోతాను. అక్కడా ఎవరూ చూడరు. ఇవాళ తప్పితే అక్కడా తప్పుతాను."

గేలం తీశాడు. అలిసిన చేపను వెంటనే తోసెయ్యలేదు. ముక్కు నీటి పోటుకు ఎదురుగా ఉండేలా రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి అందేదాకా అలాగే నిలిపాడు. కోసుకుపోయిన చేతులు ఉప్పునీళ్ళలో భగభగ మండుతున్నాయి. అయినా పట్టుకున్నాడు. చేప తోక ఒకసారి కదిలింది, రెండోసారి కదిలింది. మూడోసారి చేతుల్లోంచి జారి, నీలంలో నీలంగా కలిసిపోయింది. దూరాన ఒక్కసారి ఎగిరి రెక్క విప్పింది. పైడన్న ఈసారి కూర్చునే, ఒంటిచేత్తోనే దండం పెట్టాడు.

ఎరబుట్ట మునిగిపోయింది. పొద్దు వాలిపోతోంది. మళ్ళీ వేటాడే వీలు లేదు. పైడన్న ఆ దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. అది మాత్రం రేవు చరిత్రలోనే మొదటిసారి.

ఒడ్డున రాజు, మంత్రి, ఊరి జనం ఎదురుచూస్తున్నారు. సోమలింగం ముందే వచ్చాడు. తొందరపడి గుంజాడు కదా, తెచ్చిన చేప రెక్క చాటలా మధ్యకు చీలిపోయి ఉంది. పాపం, తలొంచుకుని నిలబడ్డాడు. పక్కనే వీరభద్రుడు మీసం దువ్వుతున్నాడు. అతని చేప రెక్క చెక్కుచెదరలేదు. అందరూ "ఆహా!" అంటున్నారు. రాజు చెయ్యి ఈల పళ్ళెం వైపు కదులుతోంది. అప్పుడు నూకన్న తెప్ప ఒడ్డుకు చేరింది.

"నీ చేప ఏదీ?" అన్నాడు రాజు.

"తగిలింది ప్రభూ. రెండో చెయ్యి పడింది. వదిలేశాను," అన్నాడు నూకన్న. అంతే. పైడన్న నీళ్ళలో పడ్డాడని చెప్పలేదు. తానే బయటికి లాగానని చెప్పలేదు. స్నేహితుణ్ణి పదిమందిలో చిన్నబుచ్చడం అతనికి ఇష్టం లేదు.

మంత్రి పకపకా నవ్వాడు. "వట్టి చేతులతో వచ్చినవాళ్ళందరూ చెప్పేది ఇదే మహారాజా!"

అప్పుడు జనంలోంచి ఎర్రమ్మవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"వట్టి చేతులేనా అయ్యా? ఆ చేతులు నేనోసారి చూస్తాను. ఆ తాళ్ళు నావి. నా తాడు ఎవరి చేతిలో ఉందో, ఎవరి చేతిలో లేదో నాకు తెలుస్తుంది," అంది.

గుడిసెలోంచి తుమ్మచెక్క కషాయం గంగాళం తెప్పించింది. పచ్చి గాయానికి ఆ కషాయం తగిలితే ప్రాణం పోయినంత పనవుతుంది. గాయమున్నంత మేరా నల్లగా అచ్చు పడుతుంది.

"అందరూ చేతులు ముంచండి నాయనా," అంది.

సోమలింగం ముంచాడు. "అమ్మో!" అన్నాడు. తీసి చూస్తే రెండు అరచేతులమీదా నల్లటి గీతలు. "నీ చేప నువ్వే పట్టావు. తొందరే నీ శత్రువు," అంది అవ్వ.

వీరభద్రుడు ముంచాడు. ఏమీ అనలేదు, హాయిగా నిలబడ్డాడు. చేతులు తీస్తే ఒక్క గీత లేదు. పైగా అత్తరు వాసన. "మరి మీ తెడ్డుగాళ్ళు కూడా ముంచాలి బాబూ," అంది అవ్వ. ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముంచారు. ఆరు నోళ్ళూ ఒక్కసారే "చచ్చాన్రా దేవుడా!" అన్నాయి. ఆరుగురి అరచేతులూ గీతలే గీతలు. జనం గొల్లుమన్నారు. వీరభద్రుడు మీసంమీది చెయ్యి దించేశాడు.

చివరికి ఆ ముగ్గురి వంతు వచ్చింది. తవిటయ్య ముంచాడు, గీత లేదు, తెడ్డు కాయలు తప్ప. పైడన్న ముంచి కెవ్వుమన్నాడు. ఎడమచేతికి ఏమీ లేదు, కుడి అరచేతిలో అడ్డంగా ఒకే ఒక్క గీత. నూకన్న ముంచాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి గానీ నోరు మెదపలేదు. అతని రెండు అరచేతులమీదా గీత పడని చోటు లేదు.

అవ్వ ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది. "ప్రభూ, వీడు పొద్దస్తమానం పోరాడాడు. వీడి స్నేహితుడు ఒక్కసారి, ఒంటిచేత్తో, ప్రాణం పోతున్నట్టు పట్టుకున్నాడు. చేపను లాగిన చెయ్యి కాదిది, తాడుకు వేలాడిన చెయ్యి. ఏం జరిగిందో వీడు చెప్పడు," అంది.

"నేను చెబుతాను," అన్నారెవరో.

అందరూ తిరిగి చూశారు. తవిటయ్య!

"పైడన్న మునిగిపోతున్నాడు. నూకన్న తాడు విసిరాడు. చేపను గెలిచాక కూడా, మేం వద్దంటున్నా వదిలేశాడు," అన్నాడు తవిటయ్య. ఏడాదికి సరిపడా మాటలు ఒక్క గుక్కలో అయిపోయినట్టు, మళ్ళీ నోరు మూసుకున్నాడు.

"మేం కాదు ప్రభూ! వద్దన్నది నేనొక్కణ్ణే!" అని భోరుమన్నాడు పైడన్న.

రాజు పళ్ళెంలోంచి ఈల తీశాడు.

"నేను అడిగింది చేపను. వెతికింది సరంగును. నడిసముద్రంలో నా నావను చూడడానికి నేనుండను, మంత్రి ఉండడు. అక్కడ కట్టుబాటు తప్పనివాడు కావాలి, నీళ్ళలో పడ్డవాణ్ణి వదలనివాడు కావాలి. ఇద్దరూ ఒక్కడిలోనే దొరికారు," అన్నాడు.

ఈల నూకన్న మెడలో పడింది. రేవంతా హోరెత్తింది. "ఊదు! ఊదు!" అన్నారు జనం. నూకన్న ఈల పట్టుకోబోయాడు. చేతులు వాచిపోయి వేళ్ళు ముడుచుకోలేదు. పైడన్న ముందుకు వచ్చి, నలుగురినీ చూసి, భయం భయంగా అడిగాడు.

"అవ్వా, దీనికి రెండో చెయ్యి తగలొచ్చా?"

"తగలొచ్చురా వెధవా," అంది అవ్వ, కళ్ళు తుడుచుకుంటూ.

పైడన్న తన బాగున్న చేత్తో ఈలను నూకన్న నోటికి అందించాడు. నూకన్న ఊదాడు. రేవులో కట్టేసి ఉన్న మహానావమీద తెరచాప మొదటిసారి పైకి లేచింది.

కాబట్టి పిల్లలూ, ఎవరూ చూడని చోట కూడా మాట తప్పనివాడి చేతిలోనే పదిమంది ప్రాణాలు భద్రంగా ఉంటాయి.